ఇట్లు కింద ఎవరి పేర్లు?

పెళ్ళి శుభలేఖ వేయించుకునేవాళ్ళు నెల ముందే వస్తారు. నాలుగు ఆల్బమ్‌లు తిరగేసి, పక్క షాపులో రేటు కనుక్కుని, మళ్ళీ వచ్చి బేరమాడతారు. కర్మ పత్రికకి వచ్చేవాళ్ళ తీరు వేరు. మూడో రోజో నాలుగో రోజో గడ్డం మాసిన మనిషి ఒకడు మడత పెట్టిన తెల్లకాగితం తెచ్చి బల్ల మీద పెడతాడు. సాయంత్రానికి కావాలంటాడు. రేటు అడగడు. పెద్దకర్మ లోపల ఊరూరా తిరిగి పంచాలి మరి.

అందుకే నరసరావుపేటలో మా నాన్న తన ప్రెస్సులో కర్మ పత్రిక మ్యాటరుని ఎప్పుడూ విప్పేవాడు కాదు. మిగతా ఏ పనైనా అచ్చు కాగానే టైపుని కిరోసిన్‌తో కడిగి, దేని గడిలో దాన్ని తిరిగి కేసులో వేయాల్సిందే. ఇదొక్కటి మాత్రం పురికొస చుట్టుకుని బల్ల కింద అరలో ఏడాది పొడుగునా ఉండేది. తండ్రి అన్నచోట తల్లి అని మార్చడం, పేరు, తిథి, వారం, భోజనాల చోటు మార్చడం, కింద ‘ఇట్లు’ దగ్గర కొత్త పేర్లు పేర్చడం, ఇంతే పని. ట్రెడిల్ మిషను ఎక్కిస్తే టీ తాగి వచ్చేలోపు సగం కార్డులు పడేవి.

మ్యాటరు ఒకటే అయినా పోయారని చెప్పే మాట ఇంటింటికీ మారేది. వైష్ణవులు పరమపదిస్తారు. శైవులు శివైక్యం చెందుతారు. క్రైస్తవులు ప్రభువునందు నిద్రిస్తారు, వాళ్ళకి కర్మ ఉండదు, ఆదరణ కూడిక ఉంటుంది. కమ్యూనిస్టు ఇళ్ళకి సంస్మరణ సభ, పైన సుత్తీ కొడవలి బ్లాకు. సాయిబుల ఇళ్ళ నుంచి నలభయ్యో రోజు చహల్లుం పత్రిక వచ్చేది, మా వైపు అదీ తెలుగులోనే. మామూలు రైతులు స్వర్గస్థులయ్యేవాళ్ళు. నాన్న ఈ మాటలన్నీ ముందే పేర్చి, విడివిడి లైన్లుగా ఖాళీ పొడుం డబ్బాల్లో పెట్టుకున్నాడు. నేను చదువు నేర్చింది ఆ డబ్బాల మీదే. అచ్చు అక్షరం తిరగేసి ఉంటుంది కాబట్టి స్వర్గస్థులు అన్న మాట నాకు మొదట తిరగేసే వచ్చింది.

అంత పని చేసిన ప్రెస్సులో ఇప్పుడు వెతికితే నాన్న కాలపు కర్మ పత్రిక ఒక్కటి కూడా దొరకదు. శుభలేఖల శాంపిళ్ళు పాత ట్రంకు పెట్టె నిండా ఉన్నాయి. ఇవి లేవు, ఎందుకంటే అశుభం రాసిన కాగితం చూరు కింద ఉండకూడదు. పోస్టుకార్డు మీద చావు కబురు వస్తే గుమ్మం బయటే చదివి చించి పారేసేవాళ్ళు. రాసినవాళ్ళు కూడా చూడగానే తెలియడానికి కార్డు మూల కాస్త చింపి డబ్బాలో వేసేవాళ్ళు. తంతి వచ్చిందంటే విప్పకముందే ఇంట్లో ఏడుపు మొదలయ్యేది. ఆ తంతి 2013 జులైలో దేశమంతటా ఆగిపోయింది, దానికి మాత్రం ఎవరూ కర్మ పత్రిక వేయించలేదు.

దీన్ని బట్టి మనవాళ్ళు చనిపోయినవాళ్ళని మర్చిపొమ్మన్నారని కాదు. కుండ పగలగొట్టమన్నారు, అస్థికలు నీళ్ళలో కలపమన్నారు, కబురు చించెయ్యమన్నారు, తద్దినం మాత్రం తప్పకుండా పెట్టమన్నారు. ఆ తద్దినంలో కూడా తండ్రి, తాత, ముత్తాత అని మూడు తరాల పేర్లే చెబుతారు. తండ్రి వసు రూపం, తాత రుద్ర రూపం, ముత్తాత ఆదిత్య రూపం. కింద ఇంకొకరు చేరితే పైనున్నాయన పేరు పిండం దగ్గర నుంచి తప్పుకుంటుంది. ఇక మనవడికి తాత పేరు పెట్టడం ఉండనే ఉంది. మా నాయనమ్మ మామగారి పేరే మా నాన్నకి పెట్టారు. కోడలు మామ పేరు ఎత్తకూడదు కాబట్టి కన్నకొడుకుని ఆవిడ బతికినన్నాళ్ళూ ‘అబ్బాయ్’ అనే పిలిచింది. నడిచే జ్ఞాపకచిహ్నాన్ని ఇంట్లో పెట్టుకుని పేరు పెట్టి పిలవలేకపోవడం మా తాతలనాటి ఇళ్ళల్లో మామూలే.

కార్డు మీద అసలు తగువు ఎప్పుడూ అడుగునే వచ్చేది. ‘ఇట్లు’ కింద కొడుకుల పేర్లు వయసు వరసన. చోటుంటే మనవలు. కూతుళ్ళ పేర్లు వేస్తే అల్లుళ్ళ పేర్లు వేయాలి, అల్లుళ్ళలో ఎవరు ముందో తేలాలి, అందుకని ‘కుమార్తెలు, అల్లుళ్ళు’ అని ఒక్క లైనుతో సరిపెట్టేవాళ్ళు. బతికున్న భార్య పేరు ఎక్కడా ఉండేది కాదు. నాన్న దాన్ని లోకరీతి అనుకున్నాడు. నేనూ అలాగే అనుకున్నాను, నాగార్జునకొండ మీద ఒక రాయి గురించి తెలిసేదాకా.

మా పేట నుంచి మాచర్ల మీదుగా విజయపురి సౌత్ వెళ్ళి లాంచీ ఎక్కితే కొండ మీది మ్యూజియం. ఇక్ష్వాకులు ఆ లోయలో మూడు, నాలుగు శతాబ్దాల్లో రాజ్యం చేశారు. చనిపోయినవాళ్ళ కోసం ఛాయాస్తంభాలని నిలువు రాళ్ళు పాతే అలవాటు వాళ్ళకి గట్టిగా ఉండేది. రాజులకే కాదు, సేనాపతులకి, సైనికులకి, పనివాళ్ళ పెద్దకి కూడా పాతారు. వాటిలో వాసిష్ఠీపుత్ర చాంతమూలుడనే రాజు స్తంభం ఒకటి. ఆయన పోయాక, కొడుకు వీరపురుషదత్తుడు గద్దెనెక్కిన 20వ ఏట దాన్ని నిలబెట్టారు. నిలబెట్టింది ఎవరయ్యా అంటే చాంతమూలుడి తల్లులు, అక్కచెల్లెళ్ళు, రాణులు. వాళ్ళ పేర్లు వరసగా చెక్కి ఉన్నాయి. రాజుగా ఉన్న కొడుకు పేరు ఆ శాసనంలో ఏ ఏడో చెప్పడానికి వచ్చింది. పదిహేడు వందల ఏళ్ళ నాడు ఇట్లు కింద ఆడవాళ్ళ పేర్లు వేసిన ఈ నేల మీదే, మా నాన్న ట్రెడిల్ దగ్గరికి వచ్చేసరికి ‘కుమార్తెలు’ అన్న ఒక్క ముక్క మిగిలింది.

ఆ రాళ్ళు ఇప్పటిదాకా ఎలా ఉన్నాయన్నది కూడా చూడాలి. రాయి శాశ్వతం అంటారు గానీ ఆ లోయ మొత్తం నాగార్జునసాగర్ నీళ్ళ కింద ఉంది. 1955లో డ్యాముకి శంకుస్థాపన అయింది. 1954 నుంచి 1960 దాకా పురావస్తుశాఖ వాళ్ళు హడావుడిగా తవ్వి, దొరికినవి దొరికినట్టు కొండ పైకి మోయించారు. మోసినవాళ్ళు లేకపోతే చాంతమూలుడి రాణుల పేర్లు ఈపాటికి ఒండ్రులో ఉండేవి.

మోయడం ఒక రకమైతే కొలవడం ఇంకో రకం. కారంపూడిలో నాగులేటి ఒడ్డున వీర్లగుడి ఉంది. పన్నెండో శతాబ్దంలో పల్నాటి యుద్ధంలో పడిపోయినవాళ్ళ పేర వేసిన రాళ్ళు అక్కడున్నాయి. బయటివాళ్ళకి అవి నూనె, పసుపు మెత్తిన మామూలు రాళ్ళలాగే కనిపిస్తాయి. కార్తీక అమావాస్యకి తిరనాళ్ళు మొదలవుతాయి. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కళ్ళిపాడు అని ఐదు రోజులూ యుద్ధాన్ని మళ్ళీ నడిపిస్తారు. వీరుల ఆయుధాలని కొణతాలంటారు, వాటిని ఏట్లో కడిగి ఊరేగిస్తారు. తమ పూర్వీకుడు ఆ రణంలో పోయాడని చెప్పుకునే కుటుంబాలు ఎక్కడెక్కడి నుంచో వస్తాయి. వీరవిద్యావంతులు రాత్రంతా కథ పాడతారు. ఆ రాళ్ళ మీద చదువుకునేందుకు పెద్దగా రాత లేదు. పాడేవాళ్ళ నోట్లోనే ఎవరు ఎక్కడ ఎలా పడ్డారో ఉంది.

వంశాలని నోట్లో పెట్టుకుని బతికినవాళ్ళు ఇంకా ఉన్నారు. పిచ్చిగుంట్లవాళ్ళు రెడ్ల, కాపుల గోత్రాలు, ఇంటిపేర్లు, తాతముత్తాతల వరస పాడి ధాన్యం పుచ్చుకునేవాళ్ళు. పేరు బాగాలేదని ఇప్పుడు వాళ్ళని వంశరాజ్ అంటున్నారు. నా చిన్నతనంలో కల్లాల రోజుల్లో వచ్చేవాళ్ళు. ఏ ఇంటి ముందు నిలబడితే ఆ ఇంటి పోయినవాళ్ళంతా ఒక్కొక్కరే బయటికొచ్చేవాళ్ళు, మంచిపేరు ఉన్నవాళ్ళు ముందు. ధాన్యం తక్కువ కొలిచిన తాత పేరు మరుసటేడు కాస్త దిగువకి జరిగేదని మా ఊళ్ళో నవ్వుకునేవాళ్ళు.

సమాధి రాయి మీద పేరు, పుట్టిన తేదీ, పోయిన తేదీ చెక్కే పద్ధతి మా తీరానికి బాగా పరిచయమైంది డచ్చివాళ్ళు, ఇంగ్లీషువాళ్ళు వచ్చాకే. బందరులో, భీమిలిలో డచ్చి సమాధులు ఇప్పటికీ ఉన్నాయి, కొన్నిటి మీద వంశ చిహ్నాలతో సహా. 1905లో జూలియన్ జేమ్స్ కాటన్ అనే అధికారి మద్రాసు రాజధానిలోని తెల్లవాళ్ళ సమాధుల రాతలు ఎక్కించి పెద్ద పుస్తకమే వేశాడు. అదే ఇప్పుడు ఇంటర్నెట్‌లో ఉంది. లండన్‌లో కూర్చుని ఒకావిడ తన ముత్తవ్వ బందరులో ఎక్కడ పడుకుందో చూసుకోగలదు. మన ముత్తవ్వల పేర్లు మనలో ఎంతమందికి తెలుసు? తద్దినంలో చెప్పేవాళ్ళకి తెలుస్తాయి, అదీ వెంట ఉన్న బ్రహ్మగారు గుర్తు చేస్తే.

ఇక ‘జ్ఞాపకార్థం’ అన్న మాట మా ఊళ్ళల్లో దేని మీద పడితే దాని మీద ఉంటుంది. రామాలయంలో ఫ్యాను రెక్కల మీద తలా ఒక అక్షరం. బస్టాండులో సిమెంటు బెంచీ వీపు మీద కీర్తిశేషులు ఫలానా వారు, దాని మీద ఆనుకుని పేకాడేవాళ్ళు. చలివేంద్రం, శ్మశానంలో రేకుల షెడ్డు, బడి గేటు. తిరుమల దేవస్థానం 1985లో నిత్యాన్నదానం మొదలుపెట్టాక చందా అక్కడికీ వెళ్ళింది. నాకు వీటి మీద గౌరవమే. ఎండలో ఆ షెడ్డు కింద నిలబడ్డవాడికి పేరు చదివే తీరిక కూడా ఉంటుంది. పెయింటు వెలిసిపోయాక మళ్ళీ రాయించేది మాత్రం ఎవరూ ఉండరు.

కార్డు మీదికి ఫోటో వచ్చింది చాలా ఆలస్యంగా. జింకు బ్లాకు విజయవాడలో చేయించాలి, దానికి ఒక రోజు పోతుంది, డబ్బూ ఎక్కువ. డబ్బున్న ఇళ్ళవాళ్ళే వేయించేవాళ్ళు. చాలామందికి, ముఖ్యంగా ఆడవాళ్ళకి, అసలు ఫోటోనే ఉండేది కాదు. పోయాక కుర్చీలో కూర్చోబెట్టి, తల వాలకుండా వెనక నుంచి ఒకరు పట్టుకుని తీయించిన ఫోటోలు నేను చూశాను. ఆ ఫోటోలో కళ్ళు మూసి ఉంటాయి కాబట్టి స్టూడియో ఆర్టిస్టు నెగెటివ్ మీద కళ్ళు గీసేవాడు. ఆ గీసిన కళ్ళతోనే గోడ మీద ముప్పై ఏళ్ళు చూస్తున్న ముసలమ్మలు మా వీధిలో ఉండేవాళ్ళు.

1980ల చివర నుంచి 1990ల్లోకి మూడు మార్పులు ఒకదాని మీద ఒకటి వచ్చి పడ్డాయి. ఈనాడు జిల్లా అనుబంధాలు వేయడంతో మా ఊరి చావు మా ఊరి పేజీలోకి వచ్చింది. అంతకుముందు పేపర్లో పడాలంటే మంత్రో మఠాధిపతో అయ్యుండాలి, ఇప్పుడు సెంటీమీటరు లెక్కన డబ్బు కడితే కిరాణా కొట్టాయన ప్రథమ వర్ధంతి కూడా పడుతుంది. రెండోది కంప్యూటరు. నాన్న టైపు కేసులు పాత సీసం లెక్కన అమ్మేశాడు, నేను పేజ్‌మేకర్, అను ఫాంట్లు నేర్చుకుని కుర్చీలో కూర్చున్నాను. మూడోది రంగు. ఆ తర్వాత పదేళ్ళకి ఫ్లెక్సీ దిగింది. అప్పటిదాకా అరచేతిలో ఉన్న శ్రద్ధాంజలి ఇంటి గుమ్మం కంటే పెద్దదైంది. కార్డుకి అయిన ఖర్చులోనే పది అడుగుల బొమ్మ, వెనక మబ్బులు, పక్కన పావురాలు, కింద పార్టీ నాయకులు, వార్డు కుర్రాళ్ళ వరస. ఇట్లు కింద కొడుకుల పేర్లు తప్ప వేయని మా దగ్గర, పోయినాయనకి పరిచయం కూడా లేనివాళ్ళ ఫోటోలు యాభై పట్టించిన రోజులున్నాయి.

ఫ్లెక్సీ సంగతి ఒకటి చెప్పాలి. పెద్దకర్మ అయిపోయాక దాన్ని చించరు, గట్టి గుడ్డ కదా. మిరపకాయలు కల్లంలో ఎండుతున్నప్పుడు మబ్బు పడితే కప్పడానికి అంతకంటే మంచిది లేదు. చిలకలూరిపేట రోడ్డులో వెళుతుంటే కల్లాల మీద పోయిన పెద్దమనుషులు ఆకాశం కేసి నవ్వుతూ పడుకుని ఉంటారు. చూసి నవ్వుకున్నా తప్పు లేదు. పోయాక కూడా పంట కాపాడుతున్నారు.

మా నరసరావుపేటకి ఇంటర్నెట్ రాకముందే అది వేరేచోట శ్మశానంగా మారిందన్న సంగతి చాలా కాలం తర్వాత తెలుసుకున్నాను. టొరాంటోలో మైక్ కిబ్బీ అనే ఇంజనీరు, క్యాన్సరుతో తన రోజులు లెక్కలోకి వచ్చాయని తెలిసి, 1995లో ‘వరల్డ్ వైడ్ సిమెట్రీ’ పెట్టాడు. ఏ దేశంలో పోయినా, ఎక్కడ పూడ్చినా, పేరు, ఫోటో, నాలుగు మాటలు ఇక్కడ ఉంటాయి, ఎక్కడున్నవాళ్ళయినా వచ్చి పువ్వు పెట్టిపోవచ్చు. అదే ఏడు అమెరికాలో జిమ్ టిప్టన్ అనే ఆయన పేరున్నవాళ్ళ సమాధులు వెతికే సరదాతో ‘ఫైండ్ ఎ గ్రేవ్’ మొదలుపెట్టాడు. మన దేశంలో విఎస్‌ఎన్‌ఎల్ మామూలు జనానికి ఇంటర్నెట్ ఇచ్చింది కూడా ఆ ఏడాది ఆగస్టు 15నే. కిబ్బీ 1997లో పోయాడు. ఆయన పెట్టిన శ్మశానాన్ని వేరేవాళ్ళు చేతులు మార్చుకుంటూ నడుపుతూ వచ్చారు. అలా నడిపేవాళ్ళు దొరకనివి ఎన్నో పోయాయి. జియోసిటీస్‌లో జనం సొంతంగా కట్టుకున్న పేజీలు, అమ్మ పేర, బిడ్డ పేర పెట్టుకున్నవి కూడా, 2009 అక్టోబరులో యాహూ మూసేయడంతో ఒక్కసారే పోయాయి. మన కుర్రాళ్ళు తెగ వాడిన ఆర్కుట్ 2014 సెప్టెంబరు 30న మూతపడింది.

ఫేస్‌బుక్ కథ ఇంకో రకం. 2007 ఏప్రిల్‌లో వర్జీనియా టెక్‌లో కాల్పులు జరిగి 32 మంది పోయారు. పోయినవాళ్ళ పేజీల మీద స్నేహితులు రాస్తూనే ఉన్నారు, వాటిని తీసేయొద్దని పట్టుబట్టారు. 2009 అక్టోబరులో, అటు జియోసిటీస్ మూసేసిన నెలలోనే, పోయినవాళ్ళ పేజీని స్మారకంగా ఉంచే ఏర్పాటు ఫేస్‌బుక్ ప్రకటించింది. తర్వాత 2015లో, నేను పోయాక నా పేజీ చూసుకునేది ఫలానా మనిషి అని ముందే రాసిపెట్టే వీలు వచ్చింది. మన దేశంలో 2023లో వచ్చిన డేటా రక్షణ చట్టంలో కూడా నామినీని పెట్టుకునే హక్కు ఉంది. బ్యాంకు పుస్తకంలో నామినీ రాయడానికే బద్ధకించే మనం దీనికి రాస్తామా అని నా అనుమానం.

నా దగ్గరికి మొదటి ఆన్‌లైన్ పని కరోనాకి రెండు మూడేళ్ళ ముందు వచ్చింది. డాలస్‌లో ఉండే ఒకమ్మాయి, వాళ్ళమ్మ కార్డు నేనే వేశాను. ఫోను చేసి, "అక్కా, ఆ కార్డు పడేస్తారుగా. పడెయ్యకుండా ఉండేది కావాలి," అంది. అమెరికాలో ఫ్యూనరల్ హోమ్ వాళ్ళే చనిపోయినవాళ్ళ పేర పేజీ పెడతారట, దహనం లింకు పంపిస్తారట, మన తెలుగు పేర్లు కూడా అక్కడ బోలెడు కనిపిస్తాయట. ఇక్కడ పోయినవాళ్ళకి ఆ ఏర్పాటు లేదు కాబట్టి నన్ను పట్టుకుంది.

పని మొదలుపెడితే మొదటి దెబ్బ అక్షరాల దగ్గరే తగిలింది. అను ఫాంట్లలో తెలుగు అక్షరమనేది ఇంగ్లీషు అక్షరం కుర్చీలో కూర్చున్న బొమ్మ. కార్డు మ్యాటరు కాపీ చేసి వెబ్ పేజీలో పెడితే అమ్మ పేరు బదులు డాలరు గుర్తులు, బ్రాకెట్లు వచ్చాయి. యూనికోడ్‌లో తెలుగుకి 1991 నుంచే చోటుంది, మా డీటీపీ షాపులవాళ్ళం ఇరవై ఏళ్ళు దాని ముఖం చూడలేదు. అంతా మళ్ళీ కొట్టాను.

తర్వాత ఫోటో. ఆవిడకి ఒంటరిగా తీయించుకున్న ఫోటో లేదు. మేనకోడలి పెళ్ళి గుంపులోంచి కత్తిరించాను, భుజం మీద పక్కావిడ చెయ్యి మిగిలింది. చెయ్యి తీసేస్తే భుజం సగం పోతుంది, కాబట్టి చీర అంచు కాపీ చేసి అతికించాను. ఇక బొట్టు. భర్త పోయాక ఆవిడ పదేళ్ళు బతికింది. పెద్దకొడుకు బొట్టు తీసెయ్యమన్నాడు, అది పెళ్ళినాటి ఫోటో, జనం ఏమనుకుంటారని. కూతురు ఉంచమంది. తీసిన ఫోటో ఒకటి, ఉంచిన ఫోటో ఒకటి చేసి వాళ్ళ వాట్సాప్ గుంపులో పెట్టాను. ఎవరూ మాట్లాడలేదు. మూడో రోజు చిన్నకోడలు, "అత్తయ్య ఇంట్లో స్టిక్కరు పెట్టుకునేది, నేనే కొనిచ్చేదాన్ని," అని రాసింది. బొట్టు ఉంది. దండ మాత్రం కూతురు వద్దంది. దండ వేస్తే చనిపోయినట్టుంటుందట.

ఆ పేజీలో ఆవిడ చేసే గోంగూర పచ్చడి పాళ్ళు, ఆవిడ తిట్లు, ఎన్టీవోడి సినిమాకి గేదెల్ని పక్కింటికి అప్పజెప్పి వెళ్ళిన సంగతి, అన్నీ వచ్చాయి. రాసినవాళ్ళలో పదింట ఎనిమిదిమంది ఆడవాళ్ళు: కూతుళ్ళు, కోడళ్ళు, మనవరాళ్ళు, బడిలో ఆవిడ పక్కన కూర్చున్న ముసలమ్మ మనవడి ఫోన్లోంచి. అప్పటి నుంచి నేను చేసిన ఏ పేజీ చూసినా ఇదే లెక్క. మగవాళ్ళు ‘ఓం శాంతి’ అని చేతులు జోడించిన బొమ్మ పెట్టి వెళ్ళిపోతారు. కార్డు అడుగున ఒక్క లైనులో ఇరుక్కున్న కూతుళ్ళు ఇక్కడ పేజీలకి పేజీలు రాశారు. ఈ వ్యవహారంలో నాకు కొత్తగా అనిపించింది సాంకేతికం కాదు, ఇదే.

2020, 2021ల్లో పని ఒక్కసారి మీద పడింది. అంత్యక్రియలకి ఇరవై మందికి మించకూడదన్నారు. కార్డు వేసినా పంచేవాళ్ళు లేరు, పంచినా తీసుకునేవాళ్ళు లేరు. పిండం పెడుతుంటే కొడుకు కెనడా నుంచి జూమ్‌లో చూశాడు. అప్పటి పేజీలు తొందరగా, ఒకదాని తర్వాత ఒకటి చేశాను. కొన్నిటికి తిథి దొరకలేదు, ఆసుపత్రి రాసిచ్చిన టైము మాత్రమే ఉంది. కలకత్తాలో కరోనా సేవ చేసిన కొందరు దేశం మొత్తానికి ఒక ఆన్‌లైన్ స్మారకం పెట్టారని విని వాటిలో రెండు మూడు పేర్లు అక్కడికి కూడా పంపించాను.

ఆ తర్వాత తెలిసొచ్చింది అసలు చిక్కు. డొమైన్ పేరు ఎవరికీ శాశ్వతంగా అమ్మరు. ఒక్కసారి కట్టగలిగేది పదేళ్ళకే, తర్వాత మళ్ళీ కట్టాలి. స్థలం అద్దె వేరే. ఒక రైతు కుటుంబంలో తండ్రి పేర పేజీ పెట్టించారు. పెద్దాయన న్యూజెర్సీ, చిన్నాయన హైదరాబాదు. పొలం పంచుకున్నప్పుడు ఈ పేజీ ఎవరి వాటాకి వచ్చిందో ఎవరూ రాసుకోలేదు. అన్న కడతాడని తమ్ముడు, తమ్ముడు కట్టాడని అన్న. గడువు దాటిపోయింది, ఆ పేరు ఇంకెవరో కొనుక్కున్నారు. ఇప్పుడు దాన్ని తెరిస్తే రమ్మీ ఆట ప్రకటన వస్తుంది. తద్దినానికి శాస్త్రంలో దారి ఉంది: ఉమ్మడిగా ఉంటే పెద్దకొడుకు పెడితే చాలు, వేరుపడితే ఎవరిది వాళ్ళు పెట్టుకోవాలి. సర్వరు తద్దినానికి ఇంకా ఎవరూ ధర్మశాస్త్రం రాయలేదు. అందుకని నేనే ఒక పద్ధతి పెట్టుకున్నాను. పని ఒప్పుకునే ముందు ఒక కాగితం ఇస్తాను: ఏటా డబ్బు కట్టేది ఎవరు, వాళ్ళ తర్వాత ఎవరు, ఎవరు అడిగితే తీసెయ్యాలి. మొదటి రెండిటికీ పేర్లు చకచకా రాస్తారు. మూడోది చూసి కోపం తెచ్చుకుంటారు. "తీసెయ్యడం ఏంటండీ, అమ్మ పేజీ!" అంటారు. అమ్మ పోయిన కబురు కార్డుని చదివి గుమ్మం బయటే చించేసిన ఇళ్ళవాళ్ళే.

ఈ మధ్య ఏఐ వీడియోలు అడుగుతున్నారు. పెళ్ళి రిసెప్షన్‌లో తెర మీద పోయిన తండ్రి నడిచొచ్చి, నవ్వి, అక్షింతలు వేసి వెళ్ళిపోతాడు. జనం ఏడుస్తారు, వీడియో తీసుకుంటారు. నేను చెయ్యనని చెబుతున్నాను. కార్డు మీదైనా ఫ్లెక్సీ మీదైనా పోయినవాళ్ళ గురించి ఎవరో మాట్లాడతారు, కింద పేరు పెట్టి పూచీ పడతారు. ఇందులో పోయినాయన చేతే మాట్లాడిస్తారు, ఆయన అనని మాటలు. కింద ఎవరి పేరూ ఉండదు. పక్క వీధిలో చేసేవాళ్ళున్నారు, అక్కడికి వెళ్ళమంటాను.

మొన్న సంక్రాంతి తర్వాత రిటైరైన లెక్కల మాస్టారు ఒకాయన తన పేజీ తానే చేయించుకోవడానికి వచ్చాడు. మ్యాటరంతా రూళ్ళ కాగితం మీద రాసుకొచ్చాడు. పుట్టిన తేదీ ఉంది, రెండోది ఖాళీ. స్వర్గస్థులైనారు అని కొట్టబోతే ఆపాడు.

"ఎక్కడికి వెళ్ళానో నీకు తెలుసా అమ్మాయ్? చనిపోయారు అని రాయి, చాలు."

ఇట్లు కింద పిల్లల పేర్లు ఏవి మాస్టారూ అంటే, "వాళ్ళు రాస్తే వాళ్ళ పేర్లు. ఇది రాసింది నేను," అని తన పేరే వేయించాడు. కాగితంలో మూడో గడి దగ్గర అందరూ తగువు పెట్టుకుంటారు గదా, ఆయన అక్కడ మనవరాలి పేరు రాసి, దాని పక్కన ‘ఎప్పుడనిపిస్తే అప్పుడు’ అని చేర్చాడు. డబ్బు దగ్గరికొచ్చేసరికి మూడేళ్ళకే కట్టాడు. పదేళ్ళకి ఒకేసారి కడితే ఏడాదికి తక్కువ పడుతుందని లెక్క వేసి చూపించినా వినలేదు, పైగా నేను వేసిన లెక్కలో వడ్డీ మర్చిపోయానని సరిచేశాడు. ఇప్పటికీ పది పదిహేను రోజులకోసారి వచ్చి కుర్చీ లాక్కుని కూర్చుంటాడు, రెండో పేరాలో ఒక కామా తీయిస్తాడు, పోయినసారి తీయించింది మళ్ళీ పెట్టిస్తాడు.